కొంగల వీధిలో ఎలుగుబంటి

బుధవారం పొద్దున్నే ఉసాబురొ నిచ్చెన వేసుకుని మినతొ వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా తెల్ల కాగితాల తోరణాలు కట్టడం మొదలుపెట్టాడు. ఛాంపియన్‌షిప్ ఏడాటల్లో, ఊరి బేస్‌బాల్ జట్టు హమాసాకి కొంగలు తకామినె ఎలుగుల మీద మొదటి మూడూ నెగ్గేశాయి. ఇంకొక్కటి నెగ్గితే కప్పు మనదే. ముప్ఫై ఒక్కేళ్ళ తర్వాత.

చికువా కొట్టు దగ్గరికొచ్చేసరికి నిచ్చెన పట్టుకోవడానికి చిజురు బయటికొచ్చింది. చేతులకింకా చేపముద్ద అంటుకునే ఉంది.

"గట్టిగా పట్టుకో చెల్లెమ్మా! కప్పొచ్చే రోజున నేను ఆస్పత్రిలో ఉంటే బాగుండదు," అన్నాడు ఉసాబురొ పైనుంచి. ఆయనది ఎదురుగా ఉన్న సారా కొట్టు. వీధిలో కొంగల అభిమాన సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే.

"పట్టుకున్నానన్నయ్యా, మీరు కిందికి చూడకండి."

"నాకేం భయం! నీ పేరుకి అర్థమే వెయ్యి కొంగలు."

లోపల్నించి అత్తగారు ఒతొమె గొంతు వినిపించింది. "ఆ పేరు చూసే కదయ్యా సంబంధం ఖాయం చేసుకున్నాను! ఫొటో కూడా అడగలేదు."

"నన్నూ అడగలేదు," అన్నాడు చిజురు భర్త కెన్‌కిచి, చేపల తట్ట దించుతూ.

అందరూ నవ్వారు. చిజురు కూడా నవ్వింది. పంతొమ్మిదేళ్ళుగా ఈ మాటకి ఎలా నవ్వుతోందో అలాగే నవ్వి, లోపలికెళ్ళి తన చోట కూర్చుంది.

అత్తాకోడళ్ళిద్దరికీ మధ్య చెక్కబల్ల. దాని మీద ఉప్పేసి రుబ్బిన చేపముద్ద. వెడల్పాటి కత్తితో ఇంత ముద్ద తీసుకోవాలి, బల్ల మీద పలచగా పరవాలి, వెదురు పుల్లని దాని మీద పెట్టి ఒక్క విసురులో చుట్టేయాలి. చుట్టినవాటిని కెన్‌కిచి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తాడు. అవే చికువాలు. ఒతొమెకి డెబ్భై నాలుగు. కళ్ళు మూసుకుని చుట్టినా ఒక్కటీ వంకర పోదు. చేతులు చుడుతూంటే నోరు ఆట గురించి మాట్లాడుతూ ఉంటుంది.

"నిన్న రేడియోలో ఆ ఎలుగుల పిచర్ సంగతి విన్నావా? ఏడో ఇన్నింగ్స్‌కే నాలిక బయటపెట్టాడు. కొండ మీంచి దిగొచ్చిన ముసలి ఎలుగు. ఏమంటావ్?"

"అవునత్తయ్యా."

"ఇవాళ్టితో సరి. నాలుక్కి నాలుగూ. అంతేనా?"

"అంతేనత్తయ్యా."

ఎవరైనా సరుకుకి వస్తే పొట్లం కట్టేది చిజురే. బల్ల కింద పాత పేపర్ల దొంతర ఉంటుంది. పైనున్నది తీసి, అరచేత్తో సాపు చేస్తుంది. ఆ సాపు చేయడంలో ఆటల పేజీ అయితే చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది. కింది మూలన చిన్నక్షరాల్లో తకామినె ఎలుగులు ఎవరి చేతిలో ఎంతతో ఓడారో ఉంటుంది. చదివేస్తుంది. తర్వాత కొంగల బొమ్మ పైకొచ్చేలా మడిచి, పొట్లం కట్టి, రెండు చేతులతో అందిస్తుంది. ఏటా పట్టికలో అడుగున పడి ఉండే ఆ ఎలుగులే ఈ ఏడు ఎలా లేచాయో లేచి, మొట్టమొదటిసారి ఫైనల్‌కి వచ్చాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఆట. వీధిలో పెద్ద కలర్ టీవీ ఉన్నది ఉసాబురొ దగ్గరే. సీసాల పెట్టెలు బోర్లించుకుని పాతికమంది కూర్చున్నారు. గొడుగులు బాగుచేసే గొహెయి తన ముక్కాలిపీట తనే తెచ్చుకున్నాడు. పది రోజులుగా జ్వరంతో పడి ఉండి అవాళే లేచాడు. ఒళ్ళో ఎవరిదో నల్ల గొడుగు, దాని విరిగిన ఊచ. కళ్ళు టీవీ మీద, వేళ్ళు ఊచ మీద. చిజురు వేడి చికువాల పళ్ళెం తెచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

కొంగలు ఐదు రెండుతో ఓడిపోయాయి.

"పోన్లే పాపం, ఒక్కటైనా గెలవకపోతే వాళ్ళు ఊళ్ళోకి ఎలా వెళ్తారు?" అంది క్షౌరశాల తొకికొ. అందరూ హాయిగా నవ్వుకుంటూ లేచారు.

చిజురు ఖాళీ పళ్ళెంతో పెరట్లోకి వెళ్ళింది. కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళు రేకు తొట్టిలో దబదబా పడుతుంటే ఆ చప్పుడులో రెండు చేతులూ ఎత్తి చరిచింది. ఒకసారి కాదు, ఐదు పరుగులకీ ఐదుసార్లు. తర్వాత పళ్ళెం కడిగింది.

గురువారం కొంగలు మళ్ళీ ఓడాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరెక్కడ కూర్చున్నారు, ఎవరు ఏ చొక్కా వేసుకున్నారు అని ఉసాబురొ ఆరా తీయడం మొదలుపెట్టాడు. తొకికొ భర్త మొదటి మూడు రోజులూ గడ్డం గీసుకోలేదు, బుధవారం గీసుకున్నాడు. ఆయన్ని కాసేపు తిట్టారు. ఇంతలో ఎవరో అన్నారు, "మొదటి మూడాటలకీ గొహెయి బాబాయ్ రాలేదు కదూ?"

ఒక్కసారి అందరూ ఆ ముక్కాలిపీట వైపు తిరిగారు.

"కాకి వాలగానే తాటిపండు పడిందని, దానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నాడు కెన్‌కిచి. కానీ కెన్‌కిచి మాట ఆ వీధిలో ఎవరు విన్నారు గనక.

ఉసాబురొ చెడ్డవాడు కాదు. తల గోక్కున్నాడు, నీళ్ళు నమిలాడు. "బాబాయ్, ఏమనుకోకు. ఈ రెండాటలూ... ఇంటి దగ్గరే ఉండకూడదూ?"

గొహెయి ఏమీ అనుకోలేదు. అదే చిజురుకి చూడబుద్ధి కాలేదు. ఆయన నిజంగానే భయపడ్డాడు. "నావల్లేనంటావా? అయ్యో, ఆ జ్వరం ఇంకో వారం ఉన్నా బాగుండేది," అన్నాడు. ఊచ వేయడం అయిపోయిన గొడుగుని ఒకసారి తెరిచి చూసి, మూసి, రెండు చేతులతో ఉసాబురొ బల్ల మీద పెట్టాడు. పీట చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కొంగల మొదటి ఆట నుంచీ టికెట్టు ముక్కలు దాచుకున్న మనిషి. ఆ వీధిలో అంత పాత అభిమాని ఇంకొకరు లేరు.

శుక్రవారం ఆట లేదు. శనివారం ఆరోది. ఇక సొంత మైదానంలోనే కాబట్టి ఉసాబురొకి ధైర్యం వచ్చింది. చిజురు పళ్ళెంతో వీధి దాటుతుంటే, మూసేసిన చెప్పుల కొట్టు చూరు కింద ఎవరో గోడకేసి తిరిగి నిలబడి ఉన్నారు. దగ్గరికెళ్ళి చూస్తే గొహెయి.

"ఇక్కడేం చేస్తున్నారు బాబాయ్?"

"ఇంట్లో రేడియో పాడైందమ్మా. ఇక్కడికైతే అరుపులు వినిపిస్తాయి." ఆయన తల తిప్పలేదు. "ఇందాకటి అరుపు సంతోషందా, ఏడుపుదా? సరిగ్గా తెలీలేదు."

ఎలుగులు ఒక పరుగు కొట్టినప్పటి అరుపది. "సమానంగానే ఉంది బాబాయ్," అంది చిజురు.

"అమ్మయ్య. నేను గోడకేసి తిరిగే ఉన్నానని చెప్పు ఉసాబురొకి. ఒక్కసారి కూడా చూడలేదని చెప్పు."

ఆట రెండున్నర గంటలు సాగింది. ఒకటి సున్నాతో ఎలుగులే గెలిచాయి. చెరి మూడూ అయ్యాయి. పెరట్లో కుళాయి దగ్గర చిజురు చేతులెత్తింది గానీ చరచలేకపోయింది. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రానికి సంగతి బయటపడింది. గొహెయి వీధిలోనే ఉన్నాడట, చెప్పుల కొట్టు దగ్గర! ఇంకేం, పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. అఖాతానికి అవతల ఆయన మేనకోడలుంది. ఆదివారం పదకొండు గంటల ఓడకి అక్కడికెళ్ళి, ఆట అయ్యాక రావాలి. టికెట్టు సంఘమే కొంటుంది. గొహెయి సరేనన్నాడు.

ఆదివారం పదిన్నరకి ఆయన చికువా కొట్టుకొచ్చాడు. పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు వేసుకున్నాడు.

"రెండివ్వమ్మా. మేనకోడలి ఇంటికి ఒట్టి చేతులతో ఎలా వెళ్ళను?" అని, నవ్వి, "ఓడలో రేడియో ఉండదట. మంచిదేలే. అదృష్టానికి అడ్డం పడను," అన్నాడు.

ఒతొమె తలెత్తకుండానే, "దారిలో జాగ్రత్త గొహెయీ," అంది. ఆమెకీ అది నచ్చినట్టు లేదు. కానీ కొంగల కోసం తప్పదనుకుంది.

చిజురు పైనున్న పేపరు తీసి సాపు చేసింది. ఆటల పేజీ కాదు, కూరగాయల ధరలు. అయినా చెయ్యి ఆగిపోయింది. గొహెయి ఓపిగ్గా నిలబడి ఉన్నాడు, కోటు గుండీలు పైదాకా పెట్టుకుని, తప్పు చేశాడని బడి నుంచి ఇంటికి పంపేసిన పిల్లాడిలా.

ఆమె చేతులు కడుక్కుంది. ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది. బల్ల చుట్టూ తిరిగొచ్చి గొహెయి కోటు చెయ్యి పట్టుకుంది.

"రండి బాబాయ్."

"ఓడకి టైమవుతోందమ్మా..."

"పోనీయండి ఓడని."

సారా కొట్టులో అప్పుడే జనం చేరుతున్నారు. ఉసాబురొ గుడ్డతో టీవీ తుడుస్తున్నాడు. గొహెయిని చూడగానే ఆయన మొహం తెల్లబోయింది. "బాబాయ్! ఓడ..."

"ఓడ ఎక్కాల్సింది ఈయన కాదన్నయ్యా, నేను," అంది చిజురు. "నేను ఎలుగుల మనిషిని."

ఉసాబురొ పకపకా నవ్వాడు. "నువ్వా? వెయ్యి కొంగలు పేర్లో పెట్టుకుని..."

"పేరు మా నాన్నమ్మ పెట్టింది. ఆట మా నాన్న నేర్పించాడు. తకామినెలో, ఏడేళ్ళప్పుడు. అప్పట్నుంచీ వాళ్ళ మనిషినే. ఎలుగులు గెలిచినప్పుడల్లా పెరట్లో కుళాయి తిప్పి, ఎవరికీ వినపడకుండా చప్పట్లు కొట్టాను."

గొహెయి ఆమె చెయ్యి విడిపించుకోబోయాడు. "నాకోసం అబద్ధాలాడకు తల్లీ. వీళ్ళు నమ్మరు కూడా."

"అబద్ధమా? మీరంతా ముసలి ఎలుగు అంటున్నారే, ఆ పిచర్ ఒగురాకి నలభై ఏళ్ళు. ఎడం మోకాలు నొప్పి. అందుకే మొదటి బంతి ఎప్పుడూ బయటికేస్తాడు, మోకాలు వేడెక్కేదాకా. నిన్న నాలుగో ఇన్నింగ్స్‌లో మీవాళ్ళు ఆ సంగతి కనిపెట్టి ఉంటే గెలిచేవాళ్ళు. కనిపెట్టలేదు. నేను ఇదిగో, ఇక్కడే పళ్ళెం పట్టుకుని నిలబడి, కనిపెట్టకూడదని మొక్కుకున్నాను."

ఇంక అనుమానం ఎవరికీ మిగల్లేదు.

"ఓసి నీ దుంపతెగ!" అంది తొకికొ నోటి మీద చెయ్యేసుకుని. "పంతొమ్మిదేళ్ళు మా మధ్య కొంగజపం చేశావటే!"

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. చిజురు నవ్వలేదు. "అపశకునం అంటూ ఉంటే అది నేను. నన్ను పంపించండి. నిన్న ఈయన అక్కడ గోడకేసి తిరిగి నిలబడ్డాడు. రెండున్నర గంటలు. చూస్తే ఎక్కడ మీరు ఓడతారోనని."

ఉసాబురొ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. గొహెయి వైపు చూశాడు. గొహెయి నేల వైపు చూశాడు.

"నిజమా బాబాయ్?"

"మెడ కాస్త పట్టేసింది, అంతే," అన్నాడు గొహెయి.

ఉసాబురొ గుడ్డ పక్కన పడేసి, తను కూర్చునే మెత్త తీసి ముందు వరస పెట్టె మీద వేశాడు. "కూర్చో బాబాయ్. నా బుద్ధి గడ్డి తిన్నది." తర్వాత చిజురు వైపు తిరిగాడు. "నువ్వు కూడా కూర్చో. ఆయన పక్కనే. ఓడిపోతే ఎవర్ని తిట్టుకోవాలో ఇప్పుడు సరిగ్గా తెలుసు కదా, అదీ ఒక సుఖమే."

అప్పుడు నవ్వారు అందరూ. ఆ నవ్వుల్లోనే చిజురు గుమ్మం వైపు చూసింది. ఒతొమె నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో. చేతిలో వెడల్పాటి కత్తి, దాని అంచున చేపముద్ద. కోడలి మొహంలోకి ఒక్క క్షణం చూసి, వీధి దాటి వెళ్ళిపోయింది.

ఏడో ఆట గురించి హమాసాకిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి కొంగలు రెండు, ఎలుగులు ఒకటి. ఎనిమిదో దాంట్లో ఎలుగులకి ఒకడు అవుటయ్యాడు, రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు ఉన్నారు. బ్యాటర్‌కి అప్పటికే రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడోది పడితే అవుటు. అలాంటప్పుడు బంట్ కొట్టి, అంటే బంతికి బ్యాటు ఊరికే ఆనించి దొర్లించబోతే, అది గీత అవతలికి పోయిందంటే అక్కడికక్కడే అవుటు. బుద్ధున్న కోచ్ ఎవడూ ఆ పని చేయించడు. ఎలుగుల కోచ్ చేయించాడు.

బంతి గీత పక్కనే, గీత తాకకుండా దొర్లింది. మూడో బేస్ వాడు వచ్చేశాడు, పరుగులు సమం. కొంగల కుర్రాడు బంతి తీసి మొదటి బేస్‌కి విసిరి బ్యాటర్‌ని అవుట్ చేశాడు. ఆ విసిరే సందులో, ఎవరూ చూడని రెండో బేస్ వాడు ఎక్కడా ఆగకుండా పరుగెత్తుకొచ్చి బొక్కబోర్లా హోమ్ బేస్ గడప మీద పడ్డాడు.

చిజురు అరిచింది. లేచి నిలబడి, పిడికిళ్ళు బిగించి అరిచింది. తర్వాత ఉలిక్కిపడి నోరు మూసుకుంది.

"అరిచెయ్యమ్మా," అన్నాడు గొహెయి కన్నీళ్ళు తుడుచుకుంటూ. "పంతొమ్మిదేళ్ళది లోపల పెట్టుకుంటే ఆరోగ్యానికి మంచిది కాదు."

ఎలుగులు మూడు, కొంగలు రెండు. అక్కడితో సరి. చివరి కొంగ ఎత్తుకి కొట్టిన బంతి ఎలుగు చేతిలో పడ్డాక, సారా కొట్టులో గోడగడియారం చప్పుడు వినిపించింది. మూడు ఆటలు ముందుండి నాలుగూ పోగొట్టుకోవడం వాళ్ళెవరూ ఎన్నడూ చూడలేదు. తొకికొ ముక్కు చీదుకుంది. గొహెయి ఏడుస్తూనే, "అబ్బ, ఎంత బాగా పరుగెత్తాడో ఆ రెండోవాడు," అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళు కూడా అవునన్నట్టు తలలూపారు.

ఉసాబురొ లేచి వెనక గదిలోకి వెళ్ళాడు. దడదడమని చప్పుడైంది. గడ్డితాళ్ళు చుట్టిన పెద్ద సారా పీపా ఒకటి దొర్లించుకుంటూ వచ్చాడు.

"గెలుస్తామని తెప్పించాను. ఇది వెనక్కి తీసుకోరు," అన్నాడు రొప్పుతూ. నిలబెట్టాడు. కర్రసుత్తి తెచ్చి చిజురు చేతిలో పెట్టాడు. "మూత పగలగొట్టేది గెలిచినవాళ్ళే. ఈ వీధి మొత్తానికి గెలిచిన మనిషివి నువ్వొక్కదానివే. ఏం చేస్తాం, ఖర్మ! కొట్టు."

"నేనా?"

"తొందరగా కొట్టవే, మాకు దుఃఖంతో గొంతెండిపోతోంది!" అంది తొకికొ.

చిజురు సుత్తి ఎత్తింది. మొదటి దెబ్బకి మూత కదల్లేదు. రెండో దెబ్బకి ఫెళ్ళున విరిగి ముందు వరస మీద సారా చిందింది. మొదటి చెక్కగిన్నె నింపి గొహెయికిచ్చింది. కాసేపటికి ఆ సందడి విని వీధిలో దారిన పోయేవాళ్ళు హమాసాకే గెలిచిందేమోనని ఆగి లోపలికి చూశారు.

ఇంటికొచ్చేసరికి కెన్‌కిచి ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"అత్తయ్య?"

"అన్నం తినేసి పడుకుంది. రేడియో మీద గుడ్డ కప్పేసింది. నాతో కూడా మాట్లాడలేదు."

చిజురు మత్తంతా దిగిపోయింది. అతని ఎదురుగా కూర్చుంది. "మీకు కోపం రాలేదా?"

"నాకు తెలుసుగా."

"ఏం తెలుసు?"

"ఒక్క పళ్ళెం కడగడానికి అన్ని నీళ్ళెందుకు చెప్పు? మర్నాడు పేపర్లో చూస్తే ముందు రోజు ఎలుగులు గెలిచి ఉండేవి. పాపం, ఏడాదికి ఎన్నిసార్లులే." అతను గిన్నెలో అన్నం పెట్టి ఆమె ముందుకు జరిపాడు. "తెలిసిందని చెబితే మానేస్తావని చెప్పలేదు."

సోమవారం తెల్లవారుజామున చిజురు లేచేసరికే రుబ్బురోలు తిరుగుతోంది. ఒతొమె చేప ముళ్ళు ఏరేసి, ఉప్పేసి, ముద్ద తీసి బల్ల మీద పెట్టింది. చిజురు తన చోట కూర్చుంది. కత్తులు బల్ల మీద గీసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పది చుట్టారు. ఇరవై చుట్టారు. చిజురు చుట్టినవాటిల్లో మూడు వంకర పోయాయి. తీసి మళ్ళీ చుట్టింది. క్షమించమని అడగడానికి మాటలు పేర్చుకుంటోంది. పుట్టింటికి పొమ్మంటే ఏమనాలో కూడా ఆలోచించుకుంది.

"రెండు స్ట్రైకులు పడ్డాక బంట్ కొట్టించాడు," అంది ఒతొమె హఠాత్తుగా, ముద్దతో మాట్లాడుతున్నట్టు. "మీ కోచ్‌కి మతి లేదు. ఏదో గుడ్డిదెబ్బ తగిలింది, అంతే."

అవునత్తయ్యా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. అలవాటైన మాట. చిజురు దాన్ని మింగేసింది.

"కాదత్తయ్యా."

ఒతొమె కత్తి ఆగింది.

"గుడ్డిదెబ్బ కాదు," అంది చిజురు, బల్ల వైపే చూస్తూ. "మీ మూడో బేస్ కాసే కుర్రాడు రెండు స్ట్రైకులు పడగానే నాలుగడుగులు వెనక్కెళ్ళి నిలబడ్డాడు. ఇంక బంట్ రాదనుకున్నాడు. కోచ్ దానికోసమే ఆగాడు."

"వెనక్కెళ్ళాడా? ఎవరన్నారు? రేడియోవాడు చెప్పలేదే!"

"రేడియోవాడు చూడలేదు. నేను చూశాను."

"అయితే మాత్రం! రెండోవాణ్ణి పంపిస్తాడా? వాడు గడప దగ్గర అవుటై ఉంటే?"

"ఎలా అవుతాడు? బంతి మొదటి బేస్‌కి వెళ్ళి తిరిగి రావాలి. మీ మొదటి బేస్ కాసే ఆయన కుడిచేతి వాటం. విసరడానికి ఒళ్ళంతా తిప్పుకోవాలి."

"నా మొదటి బేస్ ఆయన్ని అంటే ఊరుకోను చెప్తున్నా!"

"అనట్లేదు, ఉన్నమాట చెబుతున్నాను. మంచి బ్యాటరే. కానీ విసరడం రాదు."

ఒతొమె కత్తి బల్ల మీద పెట్టేసింది. మోకాళ్ళ మీద చేతులాన్చి కోడలి వైపు పూర్తిగా తిరిగింది. ఆమె కళ్ళలో ఉన్నది కోపమో కాదో ఆ మసక వెలుతుర్లో చిజురుకి తెలీలేదు.

"పంతొమ్మిదేళ్ళ నుంచీ," అంది ముసలావిడ, "ఇక్కడ కూర్చుని గోడతో మాట్లాడాను. మా ఆయన పోయాడు. వీడేమో మూడో ఇన్నింగ్స్‌కే గురక పెడతాడు. నువ్వొచ్చావు, ఏదన్నా అవునత్తయ్యా, అంతేనత్తయ్యా. పేరు బాగుందని తెచ్చుకుంటే పిల్లకి బుర్ర లేదే అని ఎంత ఏడ్చుకున్నానో తెలుసా?" ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఇంత తెలిసి పెట్టుకుని!"

చిజురు కూడా కత్తి బల్ల మీద పెట్టేసింది.

"సరే, అది అలా ఉంచు," అంది ఒతొమె, ముందుకు జరిగి. "నాలుగో ఆట సంగతి చెప్పు. మా వాణ్ణి అంపైర్ అవుటన్నాడే, అది అవుటేనా? నిజం చెప్పాలి. మీ వాళ్ళని వెనకేసుకు రాకూడదు."

"అది..." చిజురు తటపటాయించింది. "అది అవుట్ కాదత్తయ్యా."

"చూశావా! నేననలేదూ!"

"కానీ ఐదో ఆటలో మీ వాళ్ళకి అంపైర్ బాల్ అని ఇచ్చేసిన ఆ నాలుగో బంతి, అది బాల్ కాదు. స్ట్రైకే."

"ఏం కాదు!"

"మోకాలి మీంచి వెళ్ళింది!"

"మోకాలి కిందనుంచి! నాకు వయసైంది గానీ చెవులు బానే ఉన్నాయి, రేడియోవాడు కిందనుంచీ అనే అన్నాడు!"

వీధిలో వెలుగొచ్చింది. నిప్పులు రాజేసి కూర్చున్న కెన్‌కిచి చుట్టిన పుల్లలు ఎప్పటికీ రాకపోతుంటే లోపలికి తొంగి చూశాడు. బయట షట్టర్ మీద ఎవరో తట్టారు. రెండోసారి గట్టిగా తట్టారు. తొకికొ గొంతు, "ఏమైంది, ఇంకా తీయలేదేం? ఒంట్లో బాగా లేదా?"

"అమ్మా, బయట జనం ఉన్నారు," అన్నాడు కెన్‌కిచి.

"ఉండనీ!" ఒతొమె అటు తిరక్కుండానే కేకేసింది. "కాస్త ఆగమను. నేను మా కోడలితో మాట్లాడుతున్నాను."